యుద్ధం ముగిశాక మిగిలే ప్రశ్న: రంగం, విశాఖ, స్త్రీల హక్కులు

(విశాఖపట్నంలో స్త్రీల హక్కులపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం చాలా పెద్దది. యుద్ధం ముగిసిన సమాజాల్లో మతం, జాతుల మధ్య సంబంధాలు, బయటి దేశాల జోక్యం, వీటన్నిటి మధ్య స్త్రీల హక్కులు. ఈ మాట వినగానే మనకి బోస్నియానో, శ్రీలంకో గుర్తొస్తుంది. కూలిరేట్లతో, తాగుడుతో, కట్నం చావులతో సతమతమయ్యే మనకి ఇదంతా ఎందుకు అనిపించడం సహజం. అందుకే నేను దూరదేశాలతో మొదలుపెట్టను. మన ఊళ్ళోనే, కంచరపాలెం దగ్గరున్న బర్మా క్యాంపుతో మొదలుపెడతాను.

ఈ ఊరికి యుద్ధం కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. ఆ విజయానికి గుర్తుగా 1996లో బీచ్ రోడ్డులో స్మారకం కట్టారు. యుద్ధానికి మొదలయ్యే తేదీ ఉంటుంది, ముగిసే తేదీ ఉంటుంది, కాబట్టి దానికి స్తంభం కట్టడం తేలిక. యుద్ధం తర్వాత వచ్చే కాలానికి తేదీ ఉండదు. అది రేషన్ కార్డులో, పెళ్ళి రిజిస్టర్‌లో, స్కూలు అడ్మిషన్‌లో ఏళ్ళ తరబడి సాగుతుంది. బర్మా క్యాంపు అలాంటి కాలానికి మిగిలిన గుర్తు. దాన్ని చదవడం నేర్చుకుంటే దూరదేశాల సంగతులు కూడా అర్థమవుతాయని నా నమ్మకం.

మన పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నించి స్టీమర్లెక్కి రంగం వెళ్ళడం కోస్తా జిల్లాల పేదలకి తరాల పాటు బతుకుతెరువు. కరువు, అప్పు, జమీందారీ శిస్తు, కులం పెట్టే బాధలు ఇక్కడి నించి తరిమితే, ధాన్యం మిల్లులు, ఓడరేవు కూలి, పాకీ పని అక్కడ చేర్చుకున్నాయి. మేస్త్రీ బయానా ఇచ్చి తీసుకెళ్ళేవాడు, ఆ బయానా తీరేదాకా మనిషి అతని చేతిలో ఉండేవాడు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు. రంగూన్ జనాభాలో సగం కంటే ఎక్కువ మంది వాళ్ళే. తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు. మన కోరంగి రేవు పేరు అక్కడ ఒక తిట్టు అయి కూర్చుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. 1930ల ఆర్థికమాంద్యంలో దిగువ బర్మాలో రైతుల భూములు పెద్ద ఎత్తున చెట్టియార్ల చేతుల్లోకి పోయాయి. అప్పులిచ్చినవాడూ, మూటలు మోసినవాడూ, బ్రిటిష్ ప్రభుత్వంలో గుమాస్తా పని చేసినవాడూ బర్మా రైతుకి ఒకేలా కనిపించారు. వర్గం కనబడకుండా పోయి జాతి మాత్రమే కనబడడం అంటే ఇదే. వలసపాలన పెంచిన ఈ చూపే యుద్ధం తర్వాత చట్టంగా మారింది.

వెళ్ళినవాళ్ళలో అత్యధికులు ఒంటరి మగవాళ్ళు. కాబట్టి రంగం కథలో ఇద్దరు ఆడవాళ్ళు ఉంటారు. ఒకామె ఇక్కడ, శ్రీకాకుళం జిల్లాలోనో విశాఖ జిల్లాలోనో, మనియార్డరు కోసం ఎదురుచూసే భార్య. రెండో ఆమె అక్కడ, అతనితో కాపురం చేసిన బర్మా స్త్రీ. ఈ ఇద్దర్నీ సవతులుగా చూపించడం మన సాహిత్యానికీ, సినిమాలకీ అలవాటు. హక్కుల దృష్టితో చూస్తే వాళ్ళిద్దరిదీ ఒకటే సమస్య. మనిషి మాయమైతే ఏ కోర్టుకి వెళ్ళి, ఏ కాగితం చూపించి తన వాటా అడగాలి?

బర్మా బౌద్ధ ఆచార చట్టంలో స్త్రీకి చాలా హక్కులుండేవి. పెళ్ళికి తంతు అక్కర్లేదు, భార్యాభర్తలుగా కలిసి బతికితే చాలు. ఇద్దరూ సంపాదించిన ఆస్తిలో ఆమెకి వాటా ఉంటుంది. విడాకులు అడగొచ్చు. ఆ రోజుల్లో మన హిందూ స్త్రీకి వీటిలో ఏదీ లేదు. అయితే ఆమె భర్త హిందువైతే మన శాస్త్రాల ప్రకారం అది పెళ్ళే కాదు, ఆమె ఉంపుడుగత్తె. భర్త ముస్లిం అయితే ఆమె మతం మార్చుకోవాలి, మార్చుకుంటే తన బౌద్ధ చట్టం ఇచ్చిన హక్కులు పోతాయి, మార్చుకోకపోతే పెళ్ళి చెల్లదు. రెండు మతాల చట్టాల మధ్య ఆమె జారిపోయింది. ఇది నిజమైన అన్యాయం. ఈ మాట నేను ఒత్తి చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదంతా ఈ నిజమైన అన్యాయం మీదే నిలబడి జరిగింది.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కాంట్రాక్టర్లు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలని దించారు. రాజీ కుదరగానే ఆ బర్మా కూలీలని పొమ్మన్నారు. ఇద్దరు పేదలని ఒకరి మీదికి ఒకర్ని ఉసికొల్పిన ఆ పని మారణకాండగా మారింది, వంద మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది తెలుగువాళ్ళు. 1938లో ఇంకోసారి. ఈసారి కారణం బౌద్ధాన్ని అవమానించిందన్న ఒక పుస్తకం. కానీ పత్రికల్లో, సభల్లో నెలల తరబడి నడిచిన ప్రచారం మాత్రం 'మన ఆడపిల్లలని పరాయి మతస్తులు ఎగరేసుకుపోతున్నారు' అని. దాదాపు 200 మంది చచ్చిపోయారు, ఎక్కువగా ముస్లింలు. ఆ మరుసటి సంవత్సరమే, 1939లో, బౌద్ధ స్త్రీల ప్రత్యేక వివాహ, వారసత్వ చట్టం వచ్చింది. బౌద్ధేతరుడితో కాపురం చేసే బర్మా స్త్రీకి భార్య హోదా, ఆస్తిలో వాటా, విడాకుల హక్కు ఇచ్చారు.

ఈ చట్టం మంచిదా చెడ్డదా? మన స్టడీ సర్కిళ్ళలో కూర్చుని చర్చించాల్సిన ప్రశ్న ఇది. ఆ చట్టం వల్ల ఆమెకి ఒక రక్షణ దొరికింది. కానీ ఆ రక్షణ ఆమె మనిషి కాబట్టి ఇవ్వలేదు, ఆమె 'మన జాతి' ఆడది కాబట్టి ఇచ్చారు. బర్మా మగవాణ్ణి చేసుకున్న తెలుగు స్త్రీకి గానీ, ముస్లిం స్త్రీకి గానీ అందులో ఏమీ లేదు. స్త్రీ హక్కుని తీసుకెళ్ళి రెండు జాతుల మధ్య గోడకి ఇటుకగా పెట్టారు. ఆ గోడ ఎంత ఎత్తు పెరిగిందో ముందుముందు చూస్తాం.

తర్వాత యుద్ధం. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942లో నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి పారిపోయారు. ఓడ టిక్కెట్టు దొరకనివాళ్ళు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచారు. కలరా, మలేరియా, ఆకలి. దారిలో ఎంతమంది పోయారో ఎవరూ లెక్క పెట్టలేదు. అంచనాలు 10 వేల నించి 50 వేలు దాటి కూడా ఉన్నాయి. ఆ దారుల్లో తెల్లవాళ్ళకి సౌకర్యమున్న బాట, నల్లవాళ్ళకి ఇంకో బాట కేటాయించారన్న ఆరోపణ అప్పట్లోనే పెద్ద గొడవ అయింది. అంతర్జాతీయ సహాయం ఎవరికి ముందు అందుతుంది అన్న ప్రశ్న ఈనాటిది కాదు.

అలా వచ్చినవాళ్ళని తెలుగులో కాందిశీకులన్నారు. జాషువా గారు 1945లో 'కాందిశీకుడు' అనే ఖండకావ్యం రాశారు. మాట ఏకవచనంలో పుంలింగంగానే స్థిరపడింది. కడుపుతో నడిచినామె, చంకలో బిడ్డ చచ్చిపోతే దారిపక్కన పెట్టి నడక సాగించినామె ఏమవుతుంది? మన భాషలో ఆమెకి విడిగా పేరు కూడా లేదు. ప్రభుత్వ కాగితాల్లో కూడా లేదు. అక్కడ ఆమె 'కుటుంబ సభ్యురాలు'.

1945లో యుద్ధం ముగిసింది. యుద్ధం తర్వాత బర్మా ముందు రెండు దారులున్నాయి. 1947 ఫిబ్రవరిలో పాంగ్‌లాంగ్ దగ్గర అంగ్ సాన్ షాన్, కచిన్, చిన్ నాయకులతో ఒప్పందం చేసుకున్నాడు. అందరికీ చోటున్న దేశం అన్న ఆశ అది. అదే సంవత్సరం జూలైలో అతన్ని కాల్చి చంపారు. 1948 జనవరి 4న స్వాతంత్ర్యం వచ్చింది. ఆ తర్వాత అన్ని మెట్లూ ఒకే వైపు దిగాయి. యుద్ధంలో పారిపోయిన భారతీయులు తిరిగి రావడానికి వలస చట్టాలు అడ్డం. అక్కడే ఉండిపోయినవాళ్ళకి విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డులు. 1961లో బౌద్ధాన్ని రాజ్యమతం చేశారు. క్రైస్తవులు ఎక్కువగా ఉన్న కచిన్ కొండల్లో తిరుగుబాటుకి అదొక కారణమైంది. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, 50, 100 చాట్ల నోట్లు రద్దు చేశారు.

ఈ కాలంలో బయటి దేశాలు ఏం చేశాయి? 1954లో జపాన్ బర్మాకి యుద్ధ నష్టపరిహారంగా 10 ఏళ్ళలో 20 కోట్ల డాలర్ల విలువైన సరుకులూ సేవలూ ఇవ్వడానికి ఒప్పుకుంది. దానితో విద్యుత్ కేంద్రం కట్టారు. మంచిదే. అదే జపాన్ సైన్యం బర్మాలో నడిపిన శిబిరాల్లో కొరియా, చైనా, బర్మా స్త్రీలు లైంగిక బానిసలుగా బతికారు. పరిహారం రాజ్యానికీ రాజ్యానికీ మధ్య తేలిపోయింది, ఆ స్త్రీలకి ఏమీ రాలేదు. కొరియాకి చెందిన కిమ్ హక్ సున్ 1991లో బహిరంగంగా నోరు విప్పేదాకా ప్రపంచం వాళ్ళ మాట వినడానికే సిద్ధంగా లేదు. అంటే యుద్ధం ముగిసి 46 ఏళ్ళు. యుద్ధానంతర పరిష్కారం అంటే మగవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని సంతకాలు చేసుకోవడంగా ఉన్నంత కాలం ఇదే జరుగుతుంది.

1964 తర్వాత ఓడలు మళ్ళీ వచ్చాయి. లక్షకు పైగా భారతీయులు బర్మా వదిలేశారు. మద్రాసుకీ, విశాఖపట్నానికీ దిగారు. బంగారం పరిమితికి మించి తెచ్చుకోనివ్వలేదు. ఈ మాట వినడానికి చిన్నదిగా ఉంటుంది. పొలం మగవాడి పేరు మీద, దుకాణం మగవాడి పేరు మీద ఉన్న కాలంలో, ఒంటి మీది బంగారం ఒక్కటే ఆడదాని ఆస్తి. రేవు దగ్గర లాగేసుకున్నది అదే. జాతీయం చేసిన దుకాణానికి పరిహారం గురించి రెండు ప్రభుత్వాలు మాట్లాడుకున్నాయి, చెవి కమ్మల గురించి ఎవరు మాట్లాడతారు?

ఇక్కడికొచ్చాక కాలనీలిచ్చారు, అప్పులిచ్చారు. 1969లో కాందిశీకుల కోసం రెప్కో బ్యాంకు పెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. అడగాల్సింది వేరే. పునరావాసం కాగితం ఎవరి పేరు మీద ఇచ్చారు? స్టీల్‌ప్లాంటు నిర్వాసితులతో పనిచేసిన మీకు ఆర్-కార్డు మీద ఎవరి పేరుంది అన్నది ఎంత ముఖ్యమో తెలుసు. కుటుంబానికి యజమాని మగవాడు అని రాసుకున్న ప్రతిచోటా, ఆ మగవాడు చనిపోయినా, తాగుబోతైనా, ఇంకొకామెని తెచ్చుకున్నా ఆమె కాందిశీకురాలి హోదా కూడా అతనితోనే పోతుంది. మొగుడితో ఓడెక్కి వచ్చిన బర్మా స్త్రీ సంగతి మరీ కష్టం. భాష రాదు, కులం లేదు, పుట్టిల్లు సముద్రం అవతల. ఓడెక్కకుండా అక్కడే ఉండిపోయిన స్త్రీకి మిగిలింది బిడ్డలూ, వాళ్ళ మీద పడ్డ పరాయి ముద్రా.

మన చట్టం కూడా ఈ విషయంలో తక్కువ తినలేదు. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం విదేశంలో పుట్టిన బిడ్డకి భారత పౌరసత్వం తండ్రి ద్వారానే వచ్చేది. తల్లి భారతీయురాలైతే సరిపోదు. ఇది 1992 సవరణ దాకా అలాగే ఉంది. మరుసటి ఏడాది, 1993లో, స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షనీ రద్దు చేసే ఐక్యరాజ్య సమితి ఒడంబడికని మన దేశం ఆమోదించింది. బిడ్డల పౌరసత్వంలో తల్లికి సమాన హక్కు ఉండాలని దాని 9వ అధికరణం చెబుతుంది. బయటి ప్రపంచంతో ఒడంబడికలు ఎందుకు పనికొస్తాయో చెప్పడానికి ఇదొక ఉదాహరణ.

ఇప్పుడు మళ్ళీ ఆ గోడ దగ్గరికి వద్దాం. 1982లో బర్మా కొత్త పౌరసత్వ చట్టం చేసింది. 1823కి ముందు నించి అక్కడున్న 'జాతీయ జాతులు' పూర్తి పౌరులు. మిగిలినవాళ్ళు రెండో రకం, మూడో రకం. ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల జాబితాలో రోహింగ్యాలు లేరు, తమిళులు లేరు, తెలుగువాళ్ళూ లేరు. మౌల్మీన్ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. గుళ్ళున్నాయి, తెలుగు బడి నడపాలన్న తపన ఉంది. ఎన్ని తరాలు అక్కడే పుట్టినా వాళ్ళు ఆ జాబితా బయటివాళ్ళే.

1939 నాటి వివాహ చట్టాన్ని 1954లో తిరగరాశారు. 2015లో మరోసారి చేశారు. ఈసారి అది ఒంటరిగా రాలేదు. 'జాతినీ మతాన్నీ కాపాడే' నాలుగు చట్టాల మూటలో వచ్చింది. మతమార్పిడికి అనుమతి తీసుకోవాలని ఒకటి, ఏకపత్నీవ్రతం పేరుతో ఒకటి, కొన్ని ప్రాంతాల్లో కాన్పుకీ కాన్పుకీ మధ్య 36 నెలల వ్యవధి ఉండాలని ఒకటి. వివాహ చట్టం ప్రకారం బౌద్ధ స్త్రీ బౌద్ధేతరుణ్ణి చేసుకోవాలంటే 14 రోజులు నోటీసు అంటించాలి, అభ్యంతరాలు స్వీకరించాలి. దీన్ని స్త్రీల రక్షణ అన్నారు. బర్మా మహిళా సంఘాలు మాత్రం మా పేరు చెప్పి ఈ చట్టం చేయొద్దన్నాయి. వాళ్ళని జాతిద్రోహులన్నారు, చంపుతామని బెదిరించారు. 2017 ఆగస్టు నించి సైన్యం రోహింగ్యాల మీద విరుచుకుపడినప్పుడు 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కి పారిపోయారు. సామూహిక అత్యాచారాలు ఒక పద్ధతి ప్రకారం జరిగాయని ఐక్యరాజ్య సమితి దర్యాప్తు బృందం తేల్చింది. 'మన ఆడవాళ్ళని కాపాడుకోవాలి' అన్న నినాదం 'వాళ్ళ ఆడవాళ్ళని' ఏం చేయడానికి దారితీస్తుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పనక్కర్లేదు.

బర్మావాళ్ళు ఇలా చేశారు అని మనం ముక్కు మీద వేలేసుకోవాల్సిన పని లేదు. మన ప్రత్యేక వివాహ చట్టం కూడా 1954దే. దాని ప్రకారం 30 రోజుల నోటీసు రిజిస్ట్రార్ ఆఫీసులో అందరికీ కనబడేలా పెట్టాలి. కులాంతరం, మతాంతరం చేసుకున్న పిల్లలతో రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళిన మీకు ఆ నోటీసు చూసి ఎవరెవరు పరుగెత్తుకొస్తారో తెలుసు. 1985లో షాబానో తీర్పు వచ్చినప్పుడు ఏం జరిగింది? ఒక ముసలి తల్లి భరణం అడిగింది. ఒక పక్క మతపెద్దలు మా చట్టం జోలికి రావొద్దన్నారు. మరో పక్క, తమ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఆస్తి ఇవ్వనివాళ్ళంతా ముస్లిం స్త్రీల మీద జాలి కురిపించారు. 1986లో ప్రభుత్వం చేసిన చట్టం ఆమె అడిగినదాన్ని పక్కకి నెట్టేసింది. ఆమె బాధ నిజం. దాన్ని వాడుకున్న రాజకీయం వేరే.

కొందరు మిత్రులు అడుగుతారు, మైనారిటీ స్త్రీ తన ఇంట్లో హింస గురించి చెబితే, మతతత్వవాదులు వాడుకుంటారని మనం నోరు మూసుకోవాలా అని. నేను కాదంటాను. నోరు మూసుకుంటే ఆమె ఎవరి దగ్గరికి వెళ్తుంది? ఎవరు వింటే వాళ్ళ దగ్గరికి. 1939 నాటి బర్మాలో జరిగింది అదే. ఆమె అన్యాయం గురించి మాట్లాడినవాళ్ళల్లో గట్టి గొంతు జాతీయవాదులదే అయింది. మనం చెయ్యాల్సింది ఆమె ఫిర్యాదుని అన్ని మతాల స్త్రీలకీ వర్తించే హక్కుగా అడగడం. ఏదైనా చట్టం మన ముందుకొస్తే ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఇదే రక్షణ అవతలి మతం స్త్రీకి కూడా ఇస్తారా? ఇవ్వమంటే, అది స్త్రీల చట్టం కాదు, సరిహద్దు చట్టం.

ఇక అంతర్జాతీయ జోక్యం. దీన్ని సామ్రాజ్యవాద కుట్ర అని ఒక్క మాటలో కొట్టేసేవాళ్ళున్నారు, ఐక్యరాజ్య సమితి వస్తే అన్నీ సర్దుకుంటాయనేవాళ్ళూ ఉన్నారు. బోస్నియా చూడండి. 1995లో డేటన్ ఒప్పందంతో కాల్పులు ఆగాయి. ప్రాణాలు నిలబడ్డాయి, అది చిన్న సంగతి కాదు. కానీ ఆ ఒప్పందమే రాజ్యాంగాన్ని కూడా రాసింది. అధ్యక్ష మండలిలో ఒక బోస్నియాక్, ఒక క్రొయేట్, ఒక సెర్బ్ ఉండాలంది. యూదులు, రోమాలు, నేను మిశ్రమ పెళ్ళి బిడ్డని, ఏ జాతీ చెప్పను అనేవాళ్ళు పోటీ చెయ్యడానికే వీల్లేదు. ఇది వివక్ష అని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2009లో తీర్పు చెప్పింది. యుద్ధం చేసినవాళ్ళనే పిలిచి శాంతి రాయిస్తే, యుద్ధం గీసిన గీతలే రాజ్యాంగంలోకి ఎక్కుతాయి. శాంతి చర్చల్లో స్త్రీలకి చోటుండాలని భద్రతా మండలి 1325వ తీర్మానం చేసింది 2000 అక్టోబరులో, డేటన్ అయిపోయిన ఐదేళ్ళకి. అది కూడా ప్రపంచవ్యాప్తంగా స్త్రీలు పోరాడితే వచ్చిందే.

అలాగని బయటివాళ్ళు అక్కర్లేదా? గాంబియా అనే చిన్న ఆఫ్రికా దేశం 2019లో మయన్మార్ మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేసింది. రోహింగ్యాలని కాపాడే చర్యలు తీసుకోమని 2020 జనవరిలో కోర్టు ఆదేశించింది. అక్కడి స్త్రీలకి తమ దేశంలో ఏ కోర్టూ లేనప్పుడు ఆ ఆదేశానికి విలువ ఉంది. 2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్ళీ అధికారం లాక్కుని దేశమంతా యుద్ధంలోకి పోయింది కాబట్టి, ఆ విలువకి హద్దు కూడా ఉంది. బంగ్లాదేశ్ శిబిరాల్లో 2018 నించి 12 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ విడిగా గుర్తింపు కార్డు ఇవ్వడం మొదలుపెట్టారు. మొగుడి కార్డు వెనక దాక్కోకుండా ఒక స్త్రీకి తన పేరుతో తన ఫొటోతో కార్డు ఉండడం మార్పు. మన బర్మా క్యాంపు ఆడవాళ్ళకి 1964లో దొరకనిది అదే.

ఈ విషయం మన రాష్ట్రాల సరిహద్దుల్లోకి కూడా వచ్చింది. హైదరాబాద్‌లో బాలాపూర్ చుట్టుపక్కల కొన్ని వేలమంది రోహింగ్యాలు బతుకుతున్నారు. 1951 శరణార్థుల ఒడంబడిక మీద మన దేశం సంతకం చెయ్యలేదు. ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డుకి మన చట్టంలో గట్టి పునాది లేదు. చట్టప్రకారం పద్ధతి పాటించి వాళ్ళని పంపించవచ్చని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంది. 2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్‌ల నించి వచ్చిన ముస్లిమేతరులకే దారి తెరిచింది, అందులో బర్మా లేదు. 1964లో ఓడ దిగినవాణ్ణి మతం అడగకుండా దించుకున్న రేవు మనది. మతాన్ని బట్టి లెక్క పెట్టడం మొదలైతే మొదట చిక్కుకునేది ఎవరో అస్సాం చెప్పింది. అక్కడ పౌరుల జాబితా తయారుచేసేటప్పుడు లక్షలమంది పెళ్ళయిన ఆడవాళ్ళకి పుట్టింటితో సంబంధం చూపించే కాగితం పంచాయతీ సర్టిఫికెట్టు ఒక్కటే. అది చెల్లదని 2017లో హైకోర్టు అంటే, సుప్రీంకోర్టు దాకా వెళ్ళి నిలబెట్టుకోవాల్సి వచ్చింది. బడికి పోలేదు, భూమి పేరు మీద లేదు, పదిహేడేళ్ళకే వేరే ఊరికి పెళ్ళి చేశారు. ఆమె ఏ కాగితం తెస్తుంది?

మరి మనం చెయ్యగలిగింది ఏమిటి? పెద్ద పెద్ద మాటలొద్దు. మన సంస్థల స్థాయిలో అయ్యేవి నాలుగు చెబుతాను.

ఒకటి. శిబిరం కానివ్వండి, పునరావాస కాలనీ కానివ్వండి, మనం సర్వే చేసేటప్పుడు 'కుటుంబ యజమాని' అనే గడి కొట్టెయ్యండి. ప్రతి పెద్ద మనిషినీ విడిగా రాయండి. మన ఫారంలో లేని స్త్రీ ప్రభుత్వ ఫారంలోకి రాదు.

రెండు. 1969 చట్టం ప్రకారం ఈ దేశంలో పుట్టిన ప్రతి బిడ్డ జననాన్నీ నమోదు చెయ్యాలి, తల్లిదండ్రులు ఎవరైనా సరే. జనన ధ్రువపత్రం పౌరసత్వం ఇవ్వదు. కానీ ఆ బిడ్డ ఎవరికి పుట్టింది, ఎప్పుడు పుట్టింది అన్నది చెరిగిపోకుండా ఆపుతుంది. బాల్యవివాహం ఆపాలన్నా మొదట కావలసింది ఆ కాగితమే. చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పిన మాట గుర్తుపెట్టుకోండి. జీవించే హక్కు పౌరులది మాత్రమే కాదు, ఈ నేల మీదున్న ప్రతి మనిషిదీ.

మూడు. మతపెద్దలతోనో, సంఘం నాయకుడితోనో మాట్లాడి వచ్చి ఆ సముదాయంతో మాట్లాడామని రిపోర్టు రాయకండి. నిధులిచ్చే సంస్థలకి నాయకుడు కావాలి, ఎందుకంటే ఒక్కడితో మాట్లాడడం తేలిక. అలా చేస్తే అతన్ని మనమే నాయకుణ్ణి చేసినవాళ్ళమవుతాం. ఆడవాళ్ళతో విడిగా కూర్చోండి, వాళ్ళ భాష తెలిసిన ఆడమనిషిని పక్కన పెట్టుకోండి.

నాలుగు. బర్మా క్యాంపులో, శ్రీకాకుళం వైపు ఊళ్ళల్లో రంగం జ్ఞాపకమున్న పెద్ద ఆడవాళ్ళు చాలా కొద్దిమంది మిగిలారు. రంగం వెళ్ళిన తాతల గురించి పరిశోధనలున్నాయి. ఇక్కడ ఎదురుచూసిన భార్యల గురించీ, అక్కడ మిగిలిపోయిన భార్యల గురించీ రాసుకోవాల్సింది మనం. టేపు రికార్డరు కాలం పోయింది, ఫోను అందరి చేతిలోనూ ఉంది. వాళ్ళ అనుమతి అడిగి, వాళ్ళు వద్దన్న పేర్లు తీసేసి రికార్డు చెయ్యండి.

చివరగా ఒక్క మాట. మన ఊరు రేవు ఊరు. మన మనుషులు పరాయి దేశంలో కోరంగీలుగా బతికారు. వాళ్ళ పెళ్ళిళ్ళని ఆయుధంగా వాడారు, వాళ్ళని జాబితా నించి కొట్టేశారు, అడవుల్లో నడిపించారు, ఓడెక్కించారు. ఆ అనుభవం ఉన్న నేల మీద నిలబడి, ఇంకొక జాతి స్త్రీ బిడ్డని చంకనేసుకుని వస్తే, ఆమె మతమేమిటని అడిగే హక్కు మనకి లేదు. ఆమె పేరేమిటని అడుగుదాం. ఆ పేరు విడిగా, పూర్తిగా, ఆమె చెప్పినట్టే రాద్దాం. అక్కణ్ణించే మిగిలిన హక్కులు మొదలవుతాయి.